ఇంకా పుట్టని తుఫాను కోసం
గాలివానల చరిత్ర – 8వ భాగం

1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్ పట్టణం కొట్టుకుపోయిన తీరు పోయిన భాగంలో చూశాం. టెక్సస్ తీరాన ఉన్న ఆ దీవిలో ఒక్క రాత్రిలో దాదాపు 8,000 మంది ప్రాణాలు పోయాయి. అంతటి తుఫాను ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆనాటి రికార్డులు తిరగేస్తే, దాని తొలి జాడ ఆగస్టు 27న దొరుకుతుంది. కరీబియన్ దీవులకు చాలా తూర్పున, నడి అట్లాంటిక్‌లో వెళ్తున్న ఒక ఓడకు చెడు వాతావరణం తగిలింది. రాతలో ఉన్నది అంతే. దానికి ముందు రోజు ఆ తుఫాను ఎక్కడుంది? ముందు వారం ఏ రూపంలో ఉంది? 1900లో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరు. ఎవరో ఒకరు దాని మధ్యలో చిక్కుకుంటే తప్ప తుఫాను ఉన్నట్టు లెక్కలోకి వచ్చేది కాదు.

ఈ భాగమంతా ఆ ముందు వారం గురించే. తుఫానును చూడటం ఒక విద్య, తుఫాను కాకముందు దాన్ని గుర్తించడం మరో విద్య. రెండోదాన్ని నేర్చుకోవడానికి మనుషులకు వందేళ్లకు పైగా పట్టింది. ఆ వందేళ్లలోనూ తుఫాను మొదలయ్యే చోటు పటం మీద అంగుళం అంగుళం తూర్పుకు జరుగుతూ పోయింది.

దాన్ని మొదటిసారి చాలా దూరం జరిపినవారు అమెరికన్ విలియం రెడ్‌ఫీల్డ్. 1821 తుఫాను తర్వాత కనెక్టికట్ పల్లెల్లో తిరుగుతూ, చెట్లు ఏ ఊళ్లో ఎటు పడ్డాయో చూసి, తుఫాను గాలి సుడిగా తిరుగుతుందని తేల్చినది ఆయనే. 1853లో అట్లాంటిక్‌ను అతలాకుతలం చేసిన ఒక హరికేన్ దారిని, ఓడల లాగ్‌బుక్కులు పోగేసి, ఆయన వెనక్కి గీసుకుంటూ వెళ్లారు. అమెరికాలోని హాటెరస్ అగ్రం దగ్గర మొదలుపెట్టిన గీత సముద్రమంతా దాటి, ఆఫ్రికా పక్కనున్న కేప్ వెర్డె దీవుల దాకా సాగింది. అదే రోజుల్లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతం ఓడల లాగ్‌బుక్కులతో ఇదే పని చేస్తున్నారు. 1839 నవంబరులో గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగిని ముంచిన తుఫాను మీద ఆయన ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. ఏ ఓడకు ఏ గంటకు ఏ దిక్కు గాలి వీచిందో పక్కపక్కన పెట్టి తుఫాను దారిని కనుక్కోవడం ఆయన పద్ధతి.

లాగ్‌బుక్కుల పద్ధతికి ఒక పరిమితి ఉంది. నావికుడు గాలి బలంగా వీచినప్పుడే దాన్ని వివరంగా రాస్తాడు. మామూలు జల్లు, మామూలు మబ్బు, కొంచెం పక్కకు తిరిగిన గాలి అతని దృష్టిలో వార్త కాదు. అందుకే రెడ్‌ఫీల్డ్ గీత కేప్ వెర్డె దగ్గర ఆగింది. ఆ దీవులకు అవతల తుఫాను లేదు, కాబట్టి రాత లేదు. కానీ అసలు కథ ఉన్నది ఆ అవతలే.

హవానాలోని బెలెన్ కళాశాల వేధశాలను 1870 నుంచి నడిపిన జెసూట్ గురువు బెనితో వీన్యెస్ పద్ధతి వేరు. ఆయన ఆకాశం పైపొరల్లోని ఈకల్లాంటి మబ్బులను గమనించేవారు. అవి ఏ చోటు నుంచి విచ్చుకుంటున్నాయో చూసి, కనుచూపు మేరలో లేని తుఫాను ఎటువైపుందో చెప్పేవారు. 1875 సెప్టెంబరు 11న హవానా పత్రికల్లో ఆయన ఇచ్చిన హెచ్చరికను తొలి హరికేన్ హెచ్చరికగా చరిత్రకారులు లెక్కవేస్తారు. 1893లో కన్నుమూసేదాకా ఆ పని ఆపలేదు. అయితే ఆయన చూసింది కూడా అప్పటికే పుట్టిన తుఫానునే, కాకపోతే చాలా దూరం నుంచి.

తర్వాత ఓడల మీదికి వైర్‌లెస్ వచ్చింది. 1909 ఆగస్టులో యుకాటాన్ తీరం దగ్గర ‘కార్టాగో’ అనే ఓడ తాను హరికేన్‌లో ఉన్నానని రేడియోలో తెలియజేసింది. తుఫాను వార్త ఓడ రేవు చేరేదాకా ఆగాల్సిన అవసరం తప్పింది. ఇది పెద్ద మార్పే, సందేహం లేదు. కానీ వార్త పంపాల్సిన ఓడ మాత్రం ముందుగా తుఫానులో పడాల్సిందే.

ఈ చిక్కు ముడిని విప్పిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. గోర్డన్ డన్. 1935లో అమెరికా వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల బాధ్యతను వాషింగ్టన్ నుంచి తీరప్రాంత కేంద్రాలకు పంచింది. వాటిలో ఒకటి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్. అక్కడ గ్రేడీ నార్టన్ నాయకత్వంలో పనిచేసిన వాళ్లలో డన్ ఒకరు. ఆయన బల్ల మీదికి రోజూ తూర్పు కరీబియన్ దీవుల నుంచి తంతి వార్తలు వచ్చేవి. చిన్న చిన్న దీవులు, ఒక్కో చోట ఒక బారోమీటరు, దాన్ని చూసి అంకె రాసే ఒక మనిషి. ఆ అంకెల్లో ఉపద్రవం ఏమీ ఉండేది కాదు.

ఇక్కడ కాసేపు ఆగి ఉష్ణమండలంలో బారోమీటరు ఎలా నడుస్తుందో చెప్పుకోవాలి, లేకపోతే డన్ చేసిన పని విలువ తెలియదు. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో గాలి పీడనం ఒకటి రెండు రోజుల్లోనే ఇరవై, ముప్పై మిల్లీబార్లు మారిపోతుంది. వాతావరణ శాస్త్రం పుట్టింది అక్కడే కాబట్టి, ఆ పెద్ద మార్పులను చదవడానికే అది అలవాటు పడింది. భూమధ్యరేఖకు దగ్గరగా వచ్చేసరికి బారోమీటరు దాదాపు కదలదు. కదిలే కొంచెం కూడా గడియారం ప్రకారం కదులుతుంది: ఉదయం పదింటికి, రాత్రి పదింటికి పైకి, తెల్లవారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి కిందికి. ఎండ వేడికి వాతావరణంలో పుట్టే ఆటుపోట్లు ఇవి. ఈ క్రమం ఎంత కచ్చితమో చూసి, దక్షిణ అమెరికాలో తిరిగిన శాస్త్రవేత్త హంబోల్ట్ బారోమీటరుతో పొద్దు ఎంతయిందో చెప్పొచ్చని రాశారు. రోజూ వచ్చే ఈ పోటు పాటుల తేడా రెండు మూడు మిల్లీబార్లు. దీవుల మీదుగా ఒక బలహీనమైన అలజడి సాగిపోతే కలిగే మార్పు కూడా ఒకటి రెండు మిల్లీబార్లే. ఉదయం అంకెను సాయంత్రం అంకెతో పోలిస్తే రోజువారీ ఆటుపోటులో అలజడి పూర్తిగా మునిగిపోతుంది.

డన్ చేసిన పని వినడానికి చాలా చిన్నది. ఇవాళ ఒక గంటకు ఉన్న పీడనంలోంచి నిన్న సరిగ్గా అదే గంటకు ఉన్న పీడనాన్ని తీసేశారు. ఆటుపోటు రెండు రోజులకూ ఒకటే కాబట్టి అది లెక్కలోంచి పోతుంది. మిగిలేది అలజడి ఒక్కటే. ఆ తేడాలను ఆయన పటం మీద రాసుకుంటూ పోయారు. ఒక రోజు తూర్పు అంచున ఉన్న దీవుల్లో పీడనం కొంచెం తగ్గింది. మర్నాటికి అక్కడ పెరిగి, పడమట ఉన్న దీవుల్లో తగ్గింది. ఆ మర్నాడు ఇంకా పడమటికి. తగ్గుదల ఒకటి, దాని వెనకే పెరుగుదల ఒకటి, జంటగా, రోజుకు ఆరేడు వందల కిలోమీటర్ల చొప్పున పడమటికి నడిచి వెళ్తున్నాయి. కొన్ని రోజుల తర్వాత మరో జంట. ఆ తర్వాత ఇంకొకటి. వీటిలో చాలావరకు నాలుగు జల్లులు కురిపించి వెళ్లిపోయేవి. అప్పుడప్పుడు ఒకటి హరికేన్ అయ్యేది. 1940లో అమెరికన్ వాతావరణ సంఘం పత్రికలో డన్ ఈ సంగతి ప్రకటించారు.

నా దృష్టిలో తుఫానుల చరిత్రలో ఉపగ్రహం కంటే పెద్ద మలుపు ఈ తీసివేత లెక్క. దానికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు. అంకెలు అంతకు ముందు నుంచీ ఉన్నాయి, వాటిని రాసే దీవులవాసులు ఉన్నారు. వాళ్లలో ఎవరి పేరూ శాస్త్ర గ్రంథాలకెక్కలేదు. మన వాతావరణ శాఖ పటాల మీద 24 గంటల పీడన మార్పును ఈనాటికీ విడిగా గీస్తారు. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందని చెప్పే ముందు చూసే గుర్తుల్లో అదీ ఒకటి.

డన్ చూసింది పీడనం కదలికను. ఆ కదలిక అసలేమిటో చెప్పినవారు హెర్బర్ట్ రీల్. 1915లో మ్యూనిక్‌లో పుట్టి, 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరిన యువకుడు. రెండో ప్రపంచయుద్ధం ఆయన్ను వాతావరణ శాస్త్రంలోకి తెచ్చింది. పసిఫిక్‌లో, కరీబియన్‌లో విమానాలు నడపాలంటే ఉష్ణమండల వాతావరణం తెలిసినవాళ్లు కావాలి, అమెరికా దగ్గర అటువంటివాళ్లు లేరు. అందుకని 1943లో షికాగో విశ్వవిద్యాలయం ప్యూర్టోరికోలోని రియో పియద్రాస్‌లో ఉష్ణమండల వాతావరణ సంస్థను తెరిచింది. రీల్ అక్కడికి వెళ్లారు.

వెళ్లిన కొత్తలో జరిగిన ఒక సంగతి ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఒక రాత్రి సిబ్బంది వెన్నెల్లో సముద్రపు ఒడ్డున నడుస్తున్నారు. సముద్రం మీంచి తెల్లని చిన్న మబ్బులు తేలి వస్తున్నాయి. అవి పెద్ద ఎత్తుకు ఎదిగినవి కావు, వాటి శిఖరాల్లో మంచు ఉండే అవకాశమే లేదు. మబ్బు కురవాలంటే పైన మంచు స్ఫటికాలు ఉండి తీరాలన్నది వాళ్లు చదువుకున్న సిద్ధాంతం. ఉన్నట్టుండి ఎదుటి దృశ్యం మసకబారింది, హోరు వినిపించింది, అందరూ తడిసిపోయారు. చల్లని దేశాల్లో తయారైన పాఠం ఇక్కడ పనిచేయదని వాళ్లకు తెలిసిపోయింది.

అప్పటికి ఉష్ణమండలంలో వచ్చే వాన ప్రతిదాన్నీ చల్లగాలి, వేడిగాలి ఢీకొనే సరిహద్దుగా గీయడం అలవాటు. నార్వే వాళ్లు ఉత్తర యూరప్ కోసం కనిపెట్టిన పద్ధతి అది. రీల్ బెలూన్లను, వాటికి కట్టిన రేడియోసాండ్ పరికరాలను పంపి పైగాలులను కొలిపించారు. కరీబియన్ మీద సరిహద్దులు కనిపించలేదు, వంపులు కనిపించాయి. అక్కడ గాలి ఎప్పుడూ తూర్పు నుంచే వస్తుంది. ఒక కొస పట్టుకుని చేదతాడును విదిలిస్తే వంపు దాని వెంట పాకిపోయినట్టు, ఆ తూర్పు గాలి ప్రవాహంలో ఒక ద్రోణి పడమటికి పాకిపోతుంది. ద్రోణి రాకముందు ఈశాన్యపు గాలి, తేటగా ఉన్న ఆకాశం, మామూలుకంటే పొట్టిగా మబ్బులు. ద్రోణి దాటగానే గాలి ఆగ్నేయానికి తిరుగుతుంది, మబ్బులు పైకి లేస్తాయి, జడివాన. అంటే వాన ద్రోణికి ముందు కాదు, వెనక. యూరప్ పాఠం చదువుకున్నవాళ్లకు ఇది తలకిందులు వ్యవహారం. 1945లో షికాగో వెలువరించిన నివేదికలో రీల్ ఈ తూర్పు గాలుల తరంగాల స్వరూపాన్ని వర్ణించారు. 1954లో వచ్చిన ఆయన గ్రంథం ఉష్ణమండల వాతావరణ శాస్త్రానికి తొలి పూర్తి పాఠ్యపుస్తకమైంది.

ఇంతకూ ఆ తాడును విదిలించే చెయ్యి ఎక్కడుంది? డన్‌కూ రీల్‌కూ కనిపించినది దీవుల దగ్గరి భాగమే. తూర్పున నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఖాళీ సముద్రం. దానికి అవతల ఆఫ్రికా. ఆఫ్రికా వైపు నుంచి ఇదే ప్రశ్నను ఎదురు దిశలో అడిగినవాళ్లు అంతకు ముందే ఉన్నారు. 1936లో వాల్టర్ పియర్‌సిగ్ అనే జర్మన్, ఆఫ్రికా తీరం దాటి అట్లాంటిక్‌లోకి దిగే అలజడుల గురించి రాశారు. 1939లో ఫ్రెంచి పశ్చిమాఫ్రికాలో పనిచేసిన ఆన్రీ యుబేర్ ఒక అట్లాంటిక్ హరికేన్ పుట్టుక ఆఫ్రికాలోనే ఉందని ప్రకటించారు. ఆ రాతలు ఫ్రెంచిలో ఒకటి, జర్మన్‌లో ఒకటి, డన్‌ది ఇంగ్లిషులో ఒకటి. తర్వాత యుద్ధం వచ్చింది. నడుమ ఉన్న సముద్రం మీద ఎవరి కన్నూ లేకపోవడంతో రెండు ఒడ్డుల పరిశీలనలు చాలా ఏళ్లు కలుసుకోలేదు.

కలిపినది ఉపగ్రహం. 1960 ఏప్రిల్ 1న టిరోస్-1 ఎగిరింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో టిరోస్-3 తీసిన చిత్రంలో కేప్ వెర్డె దీవుల దాపున ఒక మబ్బు సుడి కనిపించింది. అదే ఎస్తర్, ఓడ కంటే, విమానం కంటే ముందు ఉపగ్రహం పట్టుకున్న తొలి హరికేన్. 1960ల చివరికి 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలకడగా ఉండి, ఒకే సముద్రాన్ని పగలంతా చూసే ఉపగ్రహాలు వచ్చాక బొమ్మ కదలడం మొదలుపెట్టింది. మయామి హరికేన్ కేంద్రంలో నీల్ ఫ్రాంక్ ఆ చిత్రాల్లో బోర్లించిన ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో సాగే మబ్బు బారులను గమనించి, అవి రీల్ తరంగాలే అయ్యుండాలని 1969లో రాశారు. అదే ఏడాది టోబీ కార్ల్‌సన్ మూడు హరికేన్లను ఒక్కొక్కటిగా వెనక్కి నడిపించి ఆఫ్రికా నేల మీదికి చేర్చారు.

మయామిలో ఏటేటా లెక్కపెడితే ఏడాదికి 60 దాకా తరంగాలు తేలాయి. మే నుంచి నవంబరు దాకా మూడు నాలుగు రోజులకు ఒకటి ఆఫ్రికా తీరం దాటుతుంది, దాదాపు వారానికి కరీబియన్ చేరుతుంది. ఏడాది ఏడాదికీ ఆ సంఖ్య పెద్దగా మారదు. హరికేన్ల సంఖ్య మాత్రం విపరీతంగా మారుతుంది.

1972లో రాబర్ట్ బర్పీ కారణం చూపించారు. వేసవిలో సహారా ఎడారి కాగుతుంది, దానికి దక్షిణాన గినీ తీరం చల్లగా, తడిగా ఉంటుంది. వేడి ఉత్తరాన, చల్లదనం దక్షిణాన ఉండటం వల్ల ఎత్తుకు పోయేకొద్దీ తూర్పు గాలి బలపడి, మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఒక ప్రవాహంగా పరుగెత్తుతుంది. ఆ ప్రవాహం నిలకడగా ఉండలేదు, మెలికలు తిరుగుతుంది. సూడాన్, చాద్ పరిసరాల్లో మొదలైన మెలిక పడమటికి వస్తూ పెరిగి, సెనెగల్ దగ్గర సముద్రంలోకి దిగుతుంది. ఒక తరంగానికీ తర్వాతి దానికీ మధ్య రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది.

1974 వేసవిలో దాదాపు 70 దేశాలు కలిసి ఈ తరంగాలను వాటి పుట్టింటి ముంగిట్లోనే కొలవడానికి పూనుకున్నాయి. సెనెగల్ రాజధాని దకార్ ఆ పనికి కేంద్రం. నలభై దాకా నౌకలు, డజను విమానాలు మూడు నెలలపాటు పనిచేశాయి. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్నా సోవియట్ నౌకలూ అమెరికన్ నౌకలూ ఒకే పటం కోసం బెలూన్లు వదిలాయి. ఆ ప్రయోగానికి గేట్ అని పేరు.

ఆ రోజుల్లో దకార్‌కు వచ్చిన శాస్త్రవేత్తల వెనక ఉన్న నేల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సహారాకు దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతం అప్పుడు భయంకరమైన కరువులో ఉంది. సెనెగల్, మాలి, నైజర్ రైతులకు జొన్న, సజ్జ పండేది ఏడాదిలో నాలుగు నెలలు పడే వానతోనే. ఆ వానలో పెద్ద భాగాన్ని తెచ్చేవి ఈ తరంగాల వెంట నడిచే ఉరుముల బారులు. అమెరికా పటం మీద ప్రమాదపు గుర్తుగా కనిపించే ద్రోణి, మూడు రోజుల ముందు నైజర్ రైతు ఎదురుచూసిన వాన. రీల్ శిష్యుడు విలియం గ్రే 1990లో ఈ రెంటినీ లెక్కలతో కలిపారు. సాహెల్‌లో వానలు బాగా కురిసిన ఏళ్లలో అమెరికాను తాకిన పెద్ద హరికేన్లు ఎక్కువ, కరువు ఏళ్లలో తక్కువ. 1970, 80 దశకాల్లో ఫ్లోరిడా తీరం ప్రశాంతంగా ఉందని అక్కడ ఇళ్లు కట్టుకుంటున్నప్పుడు, ఆ ప్రశాంతతకు అవతలి ఒడ్డున పశువులు, పంటలు, మనుషులు పోయారు.

తరంగం తుఫాను కావడానికి ఏం కావాలో చెప్పిన వాళ్లలోనూ గ్రే ముందుంటారు. ఫిన్లండ్‌కు చెందిన ఎరిక్ పామెన్ 1948లోనే సముద్రపు నీరు 26, 27 డిగ్రీలకు తగ్గితే హరికేన్ పుట్టదని చూపించారు. 1968లో గ్రే ప్రపంచమంతా తిరగేసి మరికొన్ని చేర్చారు. కిందిగాలికీ పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తునున్న గాలికీ పెద్ద తేడా ఉండకూడదు, ఉంటే లేచిన మబ్బును పైగాలి తరిమేస్తుంది. నడి ఎత్తుల్లో తేమ ఉండాలి. భూమధ్యరేఖకు మరీ దగ్గర ఉండకూడదు. ముందే కాస్త సుడి తిరిగే గాలి ఉండాలి. తరంగం తెచ్చేది ఈ చివరిదాన్ని. మిగతావన్నీ దారిలో దొరకాలి. దారిలో సహారా ధూళి ఉంటుంది: ఎడారి మీంచి వచ్చే వేడి, పొడి గాలి పొర ఒక్కోసారి బార్బడోస్ దాకా పరుచుకుని, లేవబోయిన మబ్బులను ఎండగట్టేస్తుంది. 2009లో డంకర్టన్, మాంట్‌గోమరీ, వాంగ్ మరో సంగతి గమనించారు. తరంగం నడిచే వేగమూ గాలి వేగమూ సమానమయ్యే చోట ఒక మూసిన వలయం ఏర్పడుతుంది. దాని లోపలి తేమ తరంగంతోపాటే ప్రయాణిస్తుంది, బయటి పొడి గాలి సులువుగా చొరబడలేదు. ఆ వలయంలో మబ్బులు పదే పదే లేస్తే సుడి ఒకచోట కూడుకుంటుంది.

అన్ని ఉష్ణమండల తుఫానులూ ఈ తరంగాల నుంచి పుట్టవు. అట్లాంటిక్‌లో మామూలు తుఫానుల్లో, చిన్న హరికేన్లలో దాదాపు 60 శాతం వాటి నుంచే వస్తాయి. భారీ హరికేన్లలో అయితే దాదాపు 85 శాతం. కొన్ని తరంగాలు మధ్య అమెరికాను దాటి పసిఫిక్‌లో దిగాక అక్కడ తుఫానులవుతాయి. ఎక్కువభాగం ఏమీ కావు. రోజూ పటం ముందు కూర్చునేవాళ్లకు అసలు కష్టం అదే. ప్రతి తరంగాన్నీ హెచ్చరిస్తే జనం వినడం మానేస్తారు. ఒక్కదాన్ని వదిలేస్తే అది గాల్వెస్టన్ కావచ్చు.

1992 ఆగస్టు 14న అలాంటి తరంగం ఒకటి ఆఫ్రికా తీరం దాటింది. 16న వాయుగుండమైంది. 17న తుఫానుగా మారింది. ఆ ఏడాది అట్లాంటిక్‌లో అంతవరకూ పేరున్న తుఫాను రాలేదు కాబట్టి మొదటి పేరు దానికే దక్కింది: ఆండ్రూ. తర్వాత మూడు రోజులు అది క్షీణించింది. పైగాలులు మబ్బులను చెదరగొట్టాయి. 20న దాని మధ్యలో పీడనం 1015 మిల్లీబార్లు. అది తుఫానులో ఉండాల్సిన అంకె కాదు, మామూలు రోజున సముద్రం మీద ఉండే అంకె. కింది మబ్బుల సుడి ఒక్కటే సన్నగా మిగిలింది. ఆ స్థితిలో దాన్ని వదిలేయడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. మయామిలో వదల్లేదు. రెండు రోజుల్లో పైగాలి తీరు మారింది, కింద సముద్రం వెచ్చగా ఉంది. 22 ఉదయానికి హరికేన్. 24 తెల్లవారకముందే ఫ్లోరిడా దక్షిణాన హోమ్‌స్టెడ్ దగ్గర 922 మిల్లీబార్ల పీడనంతో తీరం దాటింది. హరికేన్ కేంద్రం కప్పు మీదున్న రాడార్ యాంటెన్నాను కూడా గాలి పీకేసింది. 25 వేలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. పదేళ్ల తర్వాత కొలతలను మళ్లీ పరిశీలించి, దాన్ని అత్యున్నతమైన అయిదో శ్రేణిలోకి మార్చారు. చనిపోయినవాళ్లు, అన్నిచోట్లా కలిపి, 65 మంది. గాల్వెస్టన్ 8,000 పక్కన ఈ అంకెను పెడితే, నాలుగు రోజుల ముందు చచ్చినట్టే కనిపించిన సుడిని వదలకుండా చూసినవాళ్ల పని విలువ తెలుస్తుంది.

మన తీరానికి ఈ కథ పూర్తిగా వర్తించదు. బంగాళాఖాతం తుఫానుల్లో ఎక్కువ భాగానికి మూలం రుతుపవన ద్రోణి, ఆఫ్రికా తరంగాల వంటివి కాదు. కానీ తూర్పుకు చూడాల్సిన అవసరం మనకూ ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో తూర్పు గాలుల్లో వచ్చే ద్రోణులు తమిళనాడు, నెల్లూరు, చిత్తూరు జిల్లాలకు వాన తెస్తాయి. అంతకంటే దూరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. 1989 నవంబరులో గే అనే తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ దేశపు సన్నని భూభాగాన్ని దాటి అండమాన్ సముద్రంలో దిగి, అక్కడ మళ్లీ బలం పుంజుకుని నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరం దాటింది. 2013లో ఫైలిన్‌కు దారితీసిన అలజడి కూడా ఆ తూర్పు దిక్కు నుంచే అండమాన్ సముద్రంలోకి వచ్చింది. డన్‌కు తూర్పు కరీబియన్ దీవులు ఎలాంటివో, విశాఖపట్నం తుఫాను హెచ్చరిక కేంద్రానికి పోర్ట్ బ్లెయిర్, కార్ నికోబార్ పరిశీలనలు అలాంటివి. వార్తల్లో ‘ఉపరితల ఆవర్తనం’ అని మనం రోజూ విని వదిలేసే మాట వెనక ఉన్నది ఈ చూపే.

అట్లాంటిక్‌లో ఇప్పుడు ఆఫ్రికా తీరం దాటిన ప్రతి తరంగానికీ పటం మీద ఒక గీత పడుతుంది. అనుమానం కలిగించే ప్రాంతానికి రంగు వేస్తారు: తుఫాను అయ్యే అవకాశం 40 శాతం లోపుంటే పసుపు, 60 దాకా నారింజ, ఆపైన ఎరుపు. 2013 నుంచి అయిదు రోజుల ముందు, 2023 నుంచి ఏడు రోజుల ముందు దాకా ఈ అంచనా ఇస్తున్నారు. గాల్వెస్టన్ రోజుల్లో ఎవరికీ తెలియని ఆ ‘ముందు వారం’ సరిగ్గా ఇదే.

2017 దాకా హరికేన్ కేంద్రానికి ఒక అడ్డంకి ఉండేది. వాయుగుండం ఏర్పడితే తప్ప తీరానికి హెచ్చరిక ఇచ్చే పద్ధతి లేదు. తరంగం తీరానికి ఒకటి రెండు రోజుల దూరంలో ఉండి, ఇవాళో రేపో తుఫాను అయ్యేటట్టున్నా ఆగాల్సిందే. ఆ ఏడాది నిబంధన మార్చారు. సెప్టెంబరు 12న ఆఫ్రికా దాటిన ఒక తరంగం 16 నాటికి బార్బడోస్‌కు తూర్పున ఉంది, ఇంకా వాయుగుండం కాలేదు. అయినా ఆ ఉదయమే బులెటిన్లు మొదలయ్యాయి. అదే రోజు అది తుఫానై మరియా అనే పేరు తెచ్చుకుంది. 18 రాత్రికి అయిదో శ్రేణి హరికేన్‌గా డొమినికా దీవిని తొక్కేసింది. పుట్టిన రెండు రోజులకే అంత బలం. 20న ప్యూర్టోరికోను దాటింది. అది దాటినప్పుడూ, తర్వాత నెలల తరబడి కరెంటు, మందులు, మంచినీళ్లు లేకపోవడం వల్లనూ అక్కడ 2,975 మంది చనిపోయారని ఆ ప్రభుత్వం తర్వాత అంగీకరించింది. ముందుగా తెలియడం వేరు, తెలిసిన తర్వాత ఆసుపత్రికి కరెంటు నిలబెట్టడం వేరు. రెండో పనిలో జరిగిన లోపాన్ని మొదటి పని చేసినవాళ్ల ఖాతాలో వేయకూడదు.

ఉపగ్రహం ఎంత చూసినా గాలి లోపలి పీడనాన్నీ వేగాన్నీ నేరుగా కొలవాలంటే ఎవరో ఒకరు లోపలికి వెళ్లాలి. 1943 జూలై 27న జోసెఫ్ డక్‌వర్త్ ఒక శిక్షణ విమానం తీసుకుని, పక్క సీట్లో రాల్ఫ్ ఓహేర్‌ను కూర్చోబెట్టుకుని, గాల్వెస్టన్ మీదికి వస్తున్న హరికేన్ కంట్లోకి వెళ్లి తిరిగివచ్చారు. ఆ ప్రయాణమూ, దాని నుంచి పుట్టిన తుఫాను విమానాల దళమూ వచ్చే భాగంలో.